నాటకాల వల్లే మార్కులు తగ్గాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ డ్రామా క్లబ్‌లో చేరినప్పటి నుంచి సాయంత్రాలన్నీ అక్కడే. పోనీ నటిస్తుందా అంటే అదీ లేదు, లైట్లు చూసుకుంటుందట. ఈ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయింది, మిగతా వాటిలోనూ మార్కులు తగ్గాయి. మాన్పించేద్దామంటారు వాళ్ల నాన్నగారు. ఆ మాట ఎత్తితే చదువే మానేస్తానంటోంది. ఏం చేయాలో తోచక రాస్తున్నాను. – ఒక తల్లి

జవాబు: మాన్పించకండమ్మా. అలాగని ఇప్పుడున్నట్టే వదిలేయడమూ మంచిది కాదు.

మీ ఉత్తరంలో ‘లైట్లు చూసుకుంటుందట’ అన్న మాట కాస్త తేలిగ్గా వచ్చింది. అందుకే ముందు ఆ పని గురించి చెబుతాను. లైటింగ్ చేసేవాళ్లు స్క్రిప్టు మొత్తం చదివి, ఏ సన్నివేశానికి వెలుతురు ఎటు నుంచి, ఎంత, ఏ రంగులో రావాలో దర్శకుడితో కూర్చుని తేల్చుకోవాలి. ఎదురుగా ఒక్క లైటు వేసి ఊరుకుంటే ముఖం చదునుగా కనిపిస్తుంది. పక్కల నుంచి, వెనక నుంచి కూడా పడితేనే మనిషి వెనకున్న తెరలో కలిసిపోకుండా విడిగా కనబడతాడు. ఒక్కో మార్పును క్యూ అంటారు. వాటన్నిటికీ నంబర్లు వేసి క్యూ షీట్ రాసుకుంటారు. ప్రదర్శన రోజు స్టేజ్ మేనేజర్ ‘స్టాండ్‌బై’ అన్నప్పుడు సిద్ధమవ్వాలి, ‘గో’ అన్న క్షణంలో లైటు మారాలి. పొరపాటు జరిగితే ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలుండదు. ఇరవై ఏళ్లయినా నిండని పిల్ల అంత బాధ్యత మోస్తోందంటే నాకు చాలా గౌరవంగా ఉంది.

ఇంకో సంగతి వాళ్ల నాన్నగారికి కూడా చెప్పండి. లైట్లను నడిపే పరికరమైన కన్సోల్ నుంచి వాటికి సంకేతాలు వెళ్లే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది డీఎంఎక్స్ 512. దాన్ని 1986లో అమెరికాలోని రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ రూపొందించింది. ఒక లైను మీద 512 ఛానెళ్లు, ఒక్కో ఛానెల్‌కు 0 నుంచి 255 వరకు విలువలు ఉంటాయి. ఆ సంకేతాలు తీగ మీద వెళ్లేది ఆర్‌ఎస్ 485 అనే విద్యుత్ ప్రమాణం ప్రకారం. అమ్మాయి క్లాసులో వినే పాఠాలకు ఇది చాలా దగ్గర. మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్‌తో ఒక చిన్న లైట్ కంట్రోలర్ తయారుచేసి, దాన్ని మినీ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చేమో గైడ్‌ని అడగమనండి. చదువు ఒకవైపు, నాటకం ఒకవైపు అని ఇంట్లో నడుస్తున్న గొడవకు ఇంతకంటే మంచి మందు నాకు కనిపించడం లేదు.

ఇక మార్కులు. ఏ సబ్జెక్టు పోయింది, ఎందుకు పోయిందన్నది మీరు రాయలేదు. రెండో ఏడాదిలో గణితం ఎక్కువగా ఉండే సబ్జెక్టులు ఒక్కసారిగా వచ్చి పడతాయి. నాటకాల జోలికి పోని పిల్లలు కూడా అక్కడ తడబడతారు. పాఠం అర్థంకాక పోయిందా, చదవడానికి టైం లేక పోయిందా అన్నది అడిగి తెలుసుకోండి. అర్థంకాకపోతే క్లబ్ మాన్పించినా ఆ సబ్జెక్టు రాదు, చెప్పేవాళ్లు కావాలి.

టైం లేకపోవడమే కారణమైతే ఒక మార్గం ఉంది. లైట్ల వాళ్ల పని రిహార్సళ్ల మొదట్లో తక్కువ, చివర్లో విపరీతం. నటులు సంభాషణలు కంఠతా పట్టే రోజుల్లో తను రోజూ ఉండక్కర్లేదు. ఎవరెక్కడ నిలబడాలో, ఎటు నడవాలో ఖాయమయ్యాక వెళ్లి కొన్నిసార్లు నాటకం మొత్తం చూస్తే సరిపోతుంది. ఊపిరాడనిది చివరి వారం. లైట్లు కట్టాలి, గురి సరిచేయాలి, ఆపైన టెక్నికల్ రిహార్సల్, డ్రెస్ రిహార్సల్. టెక్నికల్ రిహార్సల్‌లో ప్రతి క్యూ దగ్గరా ఆగి సరిచేస్తారు కాబట్టి రెండు గంటల నాటకానికి రోజంతా పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ వారం తనని చదవమనకండి. కానీ అంతకుముందు వారాల్లోని సాయంత్రాల్లో చాలా భాగం స్నేహితుల కబుర్లకే పోతుంటుంది. కబుర్లు తప్పని కాదు, చదువుకు గంటలు దొరికేది మాత్రం అక్కడే. ప్రదర్శన తేదీ, పరీక్షల తేదీలు ఒకే కాగితం మీద రాసి మీకు చూపించమనండి. చివరి వారం పరీక్షల మీదకొస్తే ఆ నాటకానికి డిజైన్ మరొకరికి అప్పగించాలి. పోయిన సబ్జెక్టు ముందు పూర్తి చేయాలని గట్టిగానే చెప్పండి. పాసవ్వని సబ్జెక్టు ఉంటే దరఖాస్తే తీసుకోని కంపెనీలు చాలా ఉన్నాయి.

రెజ్యూమేలో ‘సాంస్కృతిక కార్యక్రమాల్లో పాల్గొన్నాను’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. నాటకం నిడివి, తను నడిపిన క్యూలు, కలిసి పనిచేసిన మనుషులు, చేతికిచ్చిన బడ్జెట్, ఇవన్నీ అంకెలతో రాయాలి. ప్రదర్శన ముందు ఏదో ఒకటి పాడైపోయి ఉంటుంది. దాన్ని ఎలా నెట్టుకొచ్చిందో ఇంటర్వ్యూలో చెప్పగలగాలి.

దీన్నే వృత్తిగా తీసుకుంటానంటే? ఆదాయం నిలకడగా ఉండదు, పని ప్రాజెక్టు ప్రాజెక్టుకీ వెతుక్కోవాలి. ఈ విషయం తనకు దాచకుండా చెప్పండి. అయితే లైటింగ్, సౌండ్ తెలిసినవాళ్లు నాటకాలతో పాటు కచేరీలు, సభలు, చిత్రీకరణల్లోనూ పనిచేయగలరు కాబట్టి నటుల కంటే వీళ్లకు దారులు ఎక్కువ. 1959లో మొదలైన జాతీయ నాటక విద్యాలయం లాంటి చోట్ల నటనతో పాటు డిజైన్, దర్శకత్వం కూడా నేర్పుతారు. అక్కడి మూడేళ్ల కోర్సుకు డిగ్రీ కావాలి, నాటకాల్లో పనిచేసిన అనుభవమూ చూస్తారు. అంటే ఆ దారిలో వెళ్లాలన్నా ఇంజినీరింగ్ పూర్తి చేయాల్సిందే. చదువు మానేస్తానన్నప్పుడు కోపంగా కాకుండా ఈ లెక్క చెప్పి చూడండి.

ఇవన్నీ మాట్లాడే ముందు మీరిద్దరూ వెళ్లి తను లైట్లు చేసిన నాటకం ఒకటి చూడండి. అయ్యాక ఆ కన్సోల్ చూపించమనండి. ఆ తర్వాత కూర్చుంటే తనూ మీ మాట వింటుంది. వచ్చే సెమిస్టర్‌లో కూడా అదే సబ్జెక్టు పోతే ఒక నాటకం వదులుకోవాలని ముందే ఒప్పుకోండి. ఆ సంగతి క్లబ్‌కి తనే చెప్పాలి, అదీ కొత్త నాటకం మొదలుకాకముందే. సగంలో తప్పుకుంటే మిగతావాళ్లందరి పనీ ఆగిపోతుంది.