బ్లీచింగ్ వాసన వస్తే కుళాయి నీళ్లు మానేయాలా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. కాలవలు కట్టేసే ముందు నింపుకున్న చెరువు నీళ్లే ఎండాకాలమంతా కుళాయిలో వస్తాయి. ఈ మధ్య బ్లీచింగ్ వాసన గుప్పున కొడుతోంది. క్లోరిన్ వల్ల నీళ్లలో క్లోరోఫామ్ తయారై క్యాన్సర్ వస్తుందని మా ఆయన ఫోన్లో వీడియో చూసి, ఈ నీళ్లు మానేద్దాం అంటున్నారు. మా అత్తగారేమో ‘మా రోజుల్లో ఇవన్నీ కలిపామా, చెరువు నీళ్లే బిందెతో తెచ్చుకుని తాగాం’ అంటారు. ఇద్దరు చిన్నపిల్లలు, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. క్లోరిన్ లేని చెరువు నీళ్లు మాత్రం పిల్లలకు పట్టకండి. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. 1974లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో యోహానెస్ రోక్ అనే రసాయన శాస్త్రవేత్త, నదిలోంచి వచ్చిన నీళ్లకు క్లోరిన్ కలిపాక అందులో క్లోరోఫామ్, దాని తోబుట్టువుల్లాంటి మరికొన్ని పదార్థాలు పుడుతున్నాయని బయటపెట్టారు. వీటిని ట్రైహాలోమీథేన్లు అంటారు, ముఖ్యమైనవి నాలుగు. అమెరికా 1979లోనే ఈ నాలుగూ కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని రూలు పెట్టింది, తర్వాత 80కి తగ్గించింది. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణంలో కూడా ఒక్కోదానికి విడిగా పరిమితి ఉంది, క్లోరోఫామ్‌కైతే లీటరుకు 0.2 మిల్లీగ్రాములు.

అయితే ఇవి క్లోరిన్ ఒక్కదాని వల్ల పుట్టవు. చెరువులో ఆకులు కుళ్లుతాయి, గట్టు మట్టి కరుగుతుంది, ఎండలకు పాచి పడుతుంది, వాటిలోంచి నీళ్లలోకి దిగిన సారంతో క్లోరిన్ కలిసినప్పుడే ఇవి తయారవుతాయి. నీళ్లు ఎంత వేడిగా ఉంటే, క్లోరిన్‌తో ఎంత ఎక్కువసేపు నిలవుంటే అంత ఎక్కువ. మే నెలలో అడుగంటిన చెరువు, పచ్చటి నీళ్లు, వాటిని చూసి భయపడి ఇంకో రెండు డబ్బాల బ్లీచింగ్ గుమ్మరించడం... మీ ఊళ్లో జరుగుతున్నది ఇదే అయితే, ఇవి పుట్టడానికి అంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. సముద్రం దగ్గరి ఊళ్లలో, నీళ్లలో ఉప్పుతోపాటు బ్రోమైడ్ అనే లవణం ఉంటే, బ్రోమిన్ చేరిన రకాలు ఎక్కువ పుడతాయి.

మీకు కొడుతున్న ఘాటు వాసన మాత్రం వీటిది కాదు. అది క్లోరిన్‌దే, లేదా నీళ్లలో ఉన్న అమ్మోనియాతో క్లోరిన్ కలిసినప్పుడు వచ్చేది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మీ పంచాయతీలో చిన్న పరీక్ష పెట్టె ఉంటుంది, గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే నీళ్లు లేత పసుపుకు తిరుగుతాయి, ఆ రంగును పక్కనున్న చార్టుతో పోల్చి చూస్తారు. మీ గుమ్మం ముందే చేయించుకుని చూడండి.

ఇక క్యాన్సర్ సంగతి. ఏళ్ల తరబడి ట్రైహాలోమీథేన్లు ఎక్కువగా ఉన్న నీళ్లు తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కొంచెం ఎక్కువని కొన్ని అధ్యయనాల్లో తేలింది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు ఏళ్లు ఆగవు, రోజుల్లో, వారాల్లో మంచాన పడేస్తాయి. ఈ పదార్థాలను తగ్గించాలని క్లోరినేషన్‌లో రాజీపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆ రోజుల్లో కలరా వస్తే ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఏడుపులు వినిపించాయో మీ అత్తగారికి వాళ్ల పెద్దలు చెప్పే ఉంటారు, ఒకసారి కదిపి చూడండి.

నేను నీటి ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఆరు గాజు బీకర్లలో బురద నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి తిప్పేవాళ్లం. సరైన మోతాదు పడ్డ బీకరులో పాలు విరిగినట్టు రేకులు కట్టి, మెల్లగా అడుక్కు దిగి, పైన నీళ్లు తేటపడేవి. ఆ రేకుల్లోనే మట్టీ, ఆకు సారంలో చాలా భాగమూ పోతుంది. క్లోరిన్ దాని తర్వాత కలపాలి. మురికి నీళ్లలో ముందే క్లోరిన్ పోసి తర్వాత వడకట్టే అలవాటు ఉన్న చోట, ఈ ఒక్క వరస మార్చినా ట్రైహాలోమీథేన్లు బాగా తగ్గుతాయి. పంచాయతీలో అడగాల్సింది ఇదే: పటిక వేస్తున్నారా, ఫిల్టర్ బెడ్ ఇసుక ఎప్పుడు కడిగారు, ట్రైహాలోమీథేన్ల పరీక్ష ఎప్పుడైనా చేయించారా? ఆ పరీక్ష పెట్టెతో అయ్యేది కాదు, పెద్ద ల్యాబ్‌కు పంపాలి.

ఇంట్లో అయితే మూత తీసి, కిటికీ తెరిచి నీళ్లు బాగా మరగనివ్వండి. క్లోరోఫామ్ చాలావరకు ఆవిరితో పోతుంది, అన్ని రకాలూ పోవు గానీ. కార్బన్ ఫిల్టర్ ఉంటే మేలే, క్యాట్రిడ్జ్ టైముకు మార్చకపోతే అందులోనే సూక్ష్మజీవులు చేరతాయి. మరగబెట్టిన నీళ్లలో క్లోరిన్ కాపలా ఉండదు కాబట్టి మూత పెట్టి, చెయ్యి ముంచకుండా, ఆ రోజుకారోజే వాడేయండి.

ప్రశ్న: మా పెరటి బావిలో బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి? ఎవరిని అడిగినా ‘రెండు గుప్పెళ్లు వేసెయ్’ అంటున్నారు.

జవాబు: గుప్పెళ్ల లెక్క వద్దండీ. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. మీ బావి రెండు మీటర్ల వెడల్పు ఉండి, మూడు మీటర్ల లోతు నీళ్లుంటే సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాముల దాకా. ముందు బావిలో పడ్డ ఆకులు తీసేయండి, పైన చెప్పిన కారణానికే. పౌడర్‌ను కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్‌లో ముప్పాతిక వంతు నీళ్లు పోసి కలిపి, ఐదు పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కు దిగుతుంది. పైతేటను వేరే బకెట్‌లోకి వంచుకుని, దాన్ని తాడుతో బావిలోకి దించి, నీళ్లలో పైకీ కిందకీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నం బావిలో పోయకండి. గంటసేపు ఆగాక తోడుకోవచ్చు. మూట విప్పి నెలలపాటు అలా వదిలేసిన పౌడర్‌లో బలం పోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.