పాప నోరు విప్పదు, టెస్ట్‌లో మాత్రం 'సోషల్' అని వచ్చింది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకమ్మగారు అడిగారు. పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ, కాలేజీలో ఇంట్రెస్ట్ టెస్ట్ (ఏ రకం పనులంటే ఇష్టమో చూసేది) పెడితే సోషల్ ఫస్టు, ఇన్వెస్టిగేటివ్ (అంటే పరిశీలించి, ఆలోచించి తేల్చే పనులు) సెకండు వచ్చిందట. "చుట్టాలొస్తే రూమ్‌లోంచి బయటికే రాదు, ఇదేం సోషల్ సార్? వాళ్ల నాన్న ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో వేద్దామంటున్నారు."

టెస్ట్ తప్పు కాదమ్మా, తంటా అంతా ఆ పేరుతోనే. ఇష్టాల్ని ఇలా ఆరు రకాలుగా విడగొట్టే ఈ లెక్క జాన్ హాలండ్ అనే అమెరికా సైకాలజిస్ట్‌ది, 1959లో మొదలుపెట్టాడు, అందులో సోషల్ అంటే కలుపుగోలుతనం కాదు, ఇంకొకళ్లకి నేర్పడం, సాయం చేయడం, బాగోగులు చూడటం లాంటి పనులు ఇష్టమా అని. నలుగురిలో కలుస్తుందా లేదా అన్నది పర్సనాలిటీ టెస్టులు చూస్తాయి, మనిషి తీరుని ఐదు గుణాలుగా కొలిచే బిగ్ ఫైవ్‌లో ఎక్స్‌ట్రావర్షన్ అని దానికి వేరే స్కేలే ఉంది.

రెండిటికీ లింకు లేదా అంటే ఉంది, కానీ పల్చన. చాలా స్టడీస్ కలిపి చూస్తే ఎక్స్‌ట్రావర్షన్‌కీ సోషల్ ఇంట్రెస్ట్‌కీ కోరిలేషన్ (లింకు ఎంత గట్టిదో చెప్పే కొలత, 0 అంటే లింకే లేదు, 1 అంటే పూర్తిగా ఉంది) 0.3 దగ్గర తేలింది, దాన్ని స్క్వేర్ చేస్తే 0.09, అంటే మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 9 శాతమే కలుస్తోంది, అంత మాత్రం దానికి నెమ్మదస్తురాలు కాబట్టి ల్యాబే కరెక్ట్ అనుకుంటే ఎలా. ఎక్స్‌ట్రావర్షన్ ఇంకాస్త గట్టిగా అతుక్కునేది ఎంటర్‌ప్రైజింగ్‌కి, అంటే అమ్మడం, జనాన్ని ఒప్పించడం, అక్కడ 0.4 దాకా ఉంటుంది. రియలిస్టిక్‌కైతే, అదే మెషీన్ల పని, పర్సనాలిటీతో సంబంధం దాదాపు లేనట్టే.

మొన్న నా ముందు ఒకమ్మాయి షీట్ నింపింది. చిన్నపిల్లలకి చదువు చెప్పడం దగ్గర టక్కున టిక్కు, మీటింగ్‌లో మాట్లాడటం దగ్గర పెన్ను ఆగిపోయింది, వాళ్లమ్మ వైపు చూసి మరీ 'ఇష్టం లేదు' దగ్గర టిక్కు పెట్టింది. మీ పాప షీట్‌లోనూ ఏ ప్రశ్నలకి టిక్కు పెట్టిందో చూడండి, టెస్ట్‌లో వచ్చిన స్కోరుకన్నా అదే ఎక్కువ చెప్తుంది. (పక్కన కూర్చుని మీరు చెప్పి పెట్టించకండి మళ్లీ.)

ఒక్కొక్కళ్లతో నిదానంగా చేసే పనులు బోలెడు, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదివ్వడం). సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ (NIEPID) అని మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర సంస్థ ఉంది, అక్కడ స్పెషల్ ఎడ్యుకేషన్ నేర్పుతారు, ఫోన్ చేసి అడిగి ఒకసారి చూపించండి. సీటు రావడం మార్కుల సంగతి, దాని గురించి ఈ టెస్ట్ ఏమీ చెప్పదు.

ఫస్టుకీ సెకండుకీ ఒకట్రెండు పాయింట్లే తేడా అయితే ఆ ఆర్డర్ పట్టించుకోకండి. మూడోది ఏమొచ్చిందో మీరు రాయలేదు, అది కూడా చెప్పండి.