ఫైవ్ స్టార్ రివ్యూలు చూసి సాఫ్ట్‌వేర్ కొన్నాను, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. సింగరాయకొండలో మాకు చిన్న మెడికల్ షాపు ఉంది. నేను, నా భార్య, ఒక కుర్రాడు చూసుకుంటాం. 2025 జూన్‌లో ఆన్‌లైన్ రివ్యూలు చదివి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాను. దాదాపు అన్నీ ఫైవ్ స్టార్లే. మూడేళ్లకు 27,000 రూపాయలు ఒకేసారి కట్టించుకున్నారు. తీరా వాడితే, స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు అమ్మినా స్టాకులో స్ట్రిప్పు మొత్తం పోతోంది. సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గితే, ఇందులో పదకొండు రోజులు 12 శాతంతోనే బిల్లులు వచ్చాయి. ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇస్తారు, పని మాత్రం జరగదు. అనుమానం వచ్చి రివ్యూలు మళ్లీ చదివాను. ఒంగోలు కర్నూలు రోడ్డులో మెడికల్ షాపు ఉందని, రెండేళ్లుగా ఇదే వాడుతున్నానని ఒకాయన రాశాడు. ఆ సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకి వచ్చిందే 2024 చివర్లో అని కంపెనీ సైట్లోనే ఉంది! సరుకు కోసం ఒంగోలు వెళ్లినప్పుడు హోల్‌సేల్ వాళ్లను అడిగితే అలాంటి షాపే లేదన్నారు. కడుపు మండి సింగిల్ స్టార్ ఇచ్చి, 'వీళ్లు దొంగలు' అని రాశాను. పరువు నష్టం కింద పది లక్షలు కట్టాలని వాళ్ల లాయరు నోటీసు పంపాడు. ఇంకో సంగతి. ఇన్‌స్టాల్ చేసిన రోజు వాళ్ల అబ్బాయి అడిగాడని నేనూ ఫైవ్ స్టార్ ఇచ్చాను. అందుకు ఒక నెల గడువు అదనంగా కలిపారు. నోటీసులో దాన్నీ ఎత్తి చూపారు. నా డబ్బు వస్తుందా? నా రివ్యూ తీసేయాలా?

జవాబు: ఆ చివరి సంగతి దాచకుండా రాశారు, సంతోషం. ఇలాంటివి చాలామంది క్లయింట్లు మాకు చెప్పరు. వాయిదా రోజు అవతలి లాయరు లేచి చెబితేనే మాకు తెలుస్తుంది. అయితే మీరు సిగ్గుపడుతున్న ఆ ఫైవ్ స్టారే మీకు బాగా పనికొచ్చేలా ఉంది. ఎలాగో చెబుతాను.

ముందు ఒకటి తేల్చుకుందాం. 'రివ్యూలు నమ్మి మోసపోయాను' అన్న ఒక్క మాట పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే కేసు నిలవడం కష్టం. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో 'సూపర్' అని రాస్తే అది అతని అభిప్రాయం, దానికి కంపెనీ పూచీ పడదు. కంపెనీ తప్పించుకోలేనిది తన నోటితో తాను చెప్పిన మాట. కొటేషన్, డెమోలో చూపించింది, సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో పెట్టిన మెసేజీలు, సొంత సైట్లో వేసుకున్న ఫీచర్ల పట్టిక ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. లూజు మాత్రల అమ్మకం గురించి, జీఎస్టీ రేట్లు వాటంతటవే మారతాయన్న దాని గురించి వీటిలో ఎక్కడ ఏముందో వెతకండి. మెడికల్ షాపుల కోసమే అని చెప్పి అమ్మిన సాఫ్ట్‌వేర్‌కు స్ట్రిప్పు కోయడం తెలియకపోతే అది సరుకులో లోపమే. 15 మాత్రల స్ట్రిప్పులో నాలుగు అమ్మితే 11 మిగలాలి. మీ కంప్యూటర్ సున్నా అంటోంది. ఈ లెక్క కమిషన్‌లో ఎవరికైనా అర నిమిషంలో అర్థమవుతుంది. కేసుకు గుంజ ఇదే. రివ్యూల సంగతి దీనికి ఆసరాగా రావాలి.

మరి రివ్యూ ఎప్పుడు కంపెనీ మాట అవుతుంది? దాన్ని తన సైట్లోనో, బ్రోచరులోనో వేసుకున్నప్పుడు అవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రకటన అనే మాటకు అర్థం చాలా విశాలం, ఇంటర్నెట్టూ వెబ్‌సైట్లూ అందులోనే ఉన్నాయి. తానే రాసుకున్నా, డబ్బో బహుమతో ఇచ్చి రాయించినా కూడా అంతే. 2020 ఈ-కామర్స్ నిబంధనలు అమ్మేవాడు కొనుగోలుదారు వేషం కట్టి రివ్యూ రాయకూడదని నేరుగానే చెప్పాయి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక వస్తువును మెచ్చుకునే మనిషికి ఆ మెప్పు విలువను మార్చేంత సంబంధం ఏదైనా ఆ కంపెనీతో ఉంటే ఆ సంగతి బయటపెట్టాలి. అదే ఏడాది నవంబరులో వస్తువుల నాణ్యతా ప్రమాణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్లు ఆన్‌లైన్ రివ్యూల కోసమే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చారు. రివ్యూలు ఎలా సేకరించాలి, రాసినవాడు నిజమైన మనిషేనా అని ఎలా చూసుకోవాలి, ఎలా ప్రచురించాలి అన్నీ అందులో ఉన్నాయి. తెచ్చినప్పుడు మాత్రం దాన్ని స్వచ్ఛందం అన్నారు. ఇష్టమైతే పాటించు అంటే మన దగ్గర ఎంతమంది పాటిస్తారో మీకూ తెలుసు.

సాఫ్ట్‌వేర్ రివ్యూల్లో ఈ జబ్బు కాస్త ఎక్కువ. చీర బాగుందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ సంగతి నెలాఖరు లెక్క వేసేదాకా బయటపడదు. కానీ రివ్యూ అడిగేది ఇన్‌స్టాల్ చేసిన రోజే, అబ్బాయి పక్కనే నిలబడి ఉండగా. కొన్ని పెద్ద రివ్యూ సైట్లు రాసినవాళ్లకు గిఫ్ట్ కార్డులు ఇస్తాయి. ఆ విషయం చెప్పే చిన్న గుర్తు పక్కనే ఉంటుంది, ఎవరూ చూడరు. నేనూ అందుకు మినహాయింపు కాదు. నాలుగున్నర స్టార్లు చూసి కేసుల డైరీ యాప్ ఒకటి కొన్నాను. అది తేదీలో నెలను ముందు చదివే రకం. 07-03 వాయిదాను జులై 3గా చూపించింది. మార్చి 7న కోర్టులో నా కేసు పిలిస్తే పలికే దిక్కు లేదు. ఆ రోజు నుంచి మళ్లీ అట్ట డైరీయే.

ఇప్పుడు మీ ఫైవ్ స్టార్ దగ్గరకు వద్దాం. మీరు డబ్బు కట్టింది 36 నెలలకు. లైసెన్స్ వివరాల పేజీ తెరిచి గడువు తేదీ చూడండి. ఒక నెల కలిపారంటే అక్కడ 37 నెలలు కనిపించాలి. ఆ అదనపు నెల ఎందుకు ఇచ్చారని కమిషన్ అడిగితే కంపెనీ ఏం చెబుతుంది? రివ్యూకు బదులుగా ఇచ్చామని ఒప్పుకుంటే రివ్యూలు కొంటున్నామని ఒప్పుకున్నట్టే. ఊరికే ఇచ్చామంటే నమ్మేవాళ్లు ఉండరు. అబ్బాయి 'స్టార్స్ ఇచ్చారా సార్, నెల యాడ్ చేశా' అని మెసేజ్ ఏదైనా పెట్టి ఉంటే అది బంగారం. వాట్సాప్‌లో మాయమయ్యే మెసేజీల ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపేయండి. అవతలి వాళ్లు 'అంత బాగుందని మీరే రాశారుగా' అని తప్పకుండా అడుగుతారు. వాడకముందు రాశాను, అడిగితే రాశాను, బదులుగా ఇది తీసుకున్నాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫిర్యాదులో మీరే ముందు రాస్తే ఆ ప్రశ్నకు కోర పీకేసినట్టే.

ఒంగోలు షాపు రివ్యూ వింటే నవ్వొచ్చింది కానీ దాన్ని ఎవరు రాశారో రుజువు చేయడం మీ వల్ల కాదు. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి, ఆ రివ్యూ పెట్టిన ఖాతా వివరాలు తెప్పించమని అడగొచ్చు. 27,000 రూపాయల కేసులో కమిషన్ అంత దూరం వెళ్తుందా అంటే నాకు నమ్మకం తక్కువే. పుట్టని సాఫ్ట్‌వేర్‌ను రెండేళ్లు వాడినట్టు రాసిన రివ్యూను సొంత సైట్లో వేసుకుని ఉంటే మాత్రం రాసిందెవరన్నది అనవసరం, వేసుకున్నవాళ్లే జవాబు చెప్పాలి.

ఇక అసలు గండం వేరే ఉంది. మీరు చట్టం దృష్టిలో వినియోగదారా, కాదా? కంపెనీ మొదటి అభ్యంతరం ఇదే అవుతుంది, రాసిపెట్టుకోండి. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాళ్లను 2019 చట్టం సెక్షన్ 2(7) వినియోగదారుల లెక్కలోంచి తీసేసింది. 2025 నవంబరులోనే సుప్రీంకోర్టు పాలీ మెడిక్యూర్ కేసులో, ఒక కంపెనీ తన ఎగుమతి, దిగుమతి పత్రాల పని కోసం కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సు వ్యాపార ప్రయోజనం కిందకే వస్తుందని, ఆ కంపెనీ వినియోగదారు కాదని తేల్చింది. అవతలి లాయరు ఆ తీర్పు పట్టుకొస్తాడు.

మనకున్న దారి అదే సెక్షన్ వివరణలో ఉంది. కేవలం స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవడానికి కొన్న వస్తువైతే వ్యాపార ప్రయోజనం అనరు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. తన యంత్రాన్ని తానే నడుపుకునేవాడు సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా వినియోగదారే. మీరు, మీ ఆవిడ, ఒక కుర్రాడు. సరిగ్గా ఆ కొలతే. షాపు తప్ప వేరే ఆదాయం లేకపోతే ఆ ముక్క ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. 2019 చట్టం ఈ వెసులుబాటును 'వస్తువులు' అన్న మాటతోనే ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ వస్తువు కాదు, సేవ అని వాళ్లు వాదిస్తారు. 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య అమ్మకం పన్ను గొడవలో అయిదుగురు జడ్జీల ధర్మాసనం, రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ వస్తువేనని చెప్పింది. మీ షాపు కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసి లైసెన్స్ కీ ఇచ్చారు కాబట్టి ఆ తీర్పు మనకు పనికొస్తుంది. బ్రౌజర్లో తెరుచుకునే నెలవారీ చందా రకమైతే వాదన పలచబడేది. గెలుపు ఖాయమని చెప్పను. నన్నడిగితే వేయదగ్గ కేసే. కాదు పొమ్మంటే సివిల్ కోర్టు దారి ఉండనే ఉంది. కమిషన్‌లో నిజాయితీగా గడిపిన కాలాన్ని, దావా గడువు లెక్కలోంచి లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయించమని అడగొచ్చు.

ఫిర్యాదు ఒంగోలు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. లైసెన్స్ ఒప్పందంలో 'వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే' అని ఉన్నా కంగారు పడకండి, ఫిర్యాదుదారు ఉండే చోట వేసుకునే హక్కు 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. సమస్య మొదలైనప్పటి నుంచి రెండేళ్లలో వేయాలి. దానికన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడే తేలిపోయే కేసులూ ఉంటాయి. కొన్న రివ్యూల సంగతి కేంద్ర అథారిటీకి విడిగా రాయొచ్చు. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికి ఉంది. ఆ డబ్బు మాత్రం మీకు రాదు.

పరువు నష్టం నోటీసుకు వణకాల్సిన పని లేదు. నోటీసు అంటే కేసు కాదు. పది లక్షలకు దావా వేయాలంటే దానికి తగ్గ కోర్టు ఫీజు ముందు వాళ్లు కట్టాలి. క్రిమినల్‌గా వెళ్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టానికి సెక్షన్ 356 ఉంది. అందులోనే, ప్రజల మేలు కోసం చెప్పిన నిజానికి, తన హక్కు కాపాడుకోవడానికి మంచి ఉద్దేశంతో చెప్పిన మాటకు మినహాయింపులూ ఉన్నాయి. ఇప్పుడు మీ వాదన వినకుండా మేజిస్ట్రేటు ఆ ఫిర్యాదును విచారణకు తీసుకోవడానికి కూడా వీల్లేదు.

కానీ 'దొంగలు' అన్న మాట మీకు అనవసరంగా చిక్కు తెస్తుంది. అది నిజమని రుజువు చేసే బరువు మీ నెత్తిన పడుతుంది. రివ్యూ తీసేయొద్దు, మాట మార్చండి. ఫలానా తేదీన కొన్నాను, స్ట్రిప్పులో నాలుగు అమ్మితే మొత్తం తగ్గుతోంది, సెప్టెంబరు 22 తర్వాత పదకొండు రోజులు పాత పన్నే పడింది, ఇన్నిసార్లు ఫిర్యాదు చేశాను. అంతే రాయండి. అసలు చదివేవాళ్లకు 'దొంగలు' కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం. పాత ఫైవ్ స్టార్ మీద కూడా, అప్పట్లో ఒక నెల గడువు తీసుకుని రాశానని ఒక వాక్యం చేర్చండి. నోటీసుకు మాత్రం అందులో ఇచ్చిన గడువులోపే జవాబు వెళ్లాలి, ఊరుకోవద్దు.

ఇవన్నీ చేసే ముందు సాక్ష్యం భద్రం చేసుకోవాలి, ఎందుకంటే మీ జవాబు చేరిన మర్నాడే ఆ కర్నూలు రోడ్డు షాపు రివ్యూ కనిపించకుండా పోవచ్చు. లింకు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. మాత్రలు బిల్లు చేసి స్టాకు చూపించేదాకా ఆపకుండా ఒక వీడియో తీయండి. ఆ ఫోను మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు. పదకొండు రోజుల బిల్లులతో ఆడిటర్ దగ్గరకు విడిగా వెళ్లండి, పన్ను పేరుతో బిల్లులో వేసింది ప్రభుత్వానికి కట్టాల్సిందే. అన్నిటికన్నా ముందు ఈ రాత్రికే షాపు డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, ఖాతాదారుల బాకీలు అన్నీ వాళ్ల తాళంలోనే ఉన్నాయి, లైసెన్స్ ఆపేసే మీట కూడా వాళ్ల చేతిలోనే ఉంది.