పల్లె ఇళ్లలో పెరటి సాగు: ఏయే రకాలు?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇంటి పెరట్లో ఏయే రకాల సాగు చేస్తారన్నది ప్రశ్న. కూరగాయలు, పండ్ల చెట్లు, కోళ్లు, పశువులు అని స్థూలంగా విడదీయవచ్చు గానీ, చాలా పెరళ్లలో ఇవి కలిసే ఉంటాయి.

వానలు తక్కువైన ఈ చల్క నేలల్లో పెరటి తోటకు పెద్ద ఆధారం జాలారి నీళ్లే. స్నానాలకు, గిన్నెలు తోమడానికి వాడిన నీరు పారే చోట అరటి, బొప్పాయి, కరివేపాకు పెరుగుతాయి. తొలకరికి గోడ పక్కన పెట్టిన చిక్కుడు, బీర, సొర గింజలు మొలిచి పందిరికో, గుడిసె కప్పుకో పాకుతాయి. మునగ ఒకసారి వేళ్లూనుకుంటే ఎండాకాలాన్నీ తట్టుకుంటుంది. ఆకు, కాయ రెండూ కూరకు వస్తాయి కనుక, స్థలం తక్కువున్నవారు మొదట నాటవలసింది అదేనని నా అభిప్రాయం.

నాటుకోడి తానే పొదిగి పిల్లలను సాకుతుంది. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు అంతకంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే అవి సాధారణంగా పొదగవు కాబట్టి, పిల్లలను కొని తెచ్చి, మొదటి నాలుగైదు వారాలు బల్బు వెచ్చదనంలో, కాపలాలో పెంచి, ఆ తర్వాతే ఆరుబయట వదలాలి. ఏ రకమైనా సరే, మొదటి వారంలోనే కొక్కెర రోగానికి టీకా చుక్కలు వేయించడం మరవకూడదు. అది సోకితే రోజుల్లోనే గంప ఖాళీ అవుతుంది.

ఇక బర్రె పాలు ఇంటికి, మేకపిల్లలు అంగడికి పోతే, వాటి పెంట తోటకు ఎరువవుతుంది.