శ్రీలంకకు సైన్యాన్ని పంపి ఏం సాధించాం?

ప్రశ్న: రక్షణ శాఖకు ఏటా లక్షల కోట్లు కేటాయిస్తున్నారు. మా పెదనాన్నగారు శాంతి పరిరక్షక దళంలో శ్రీలంక వెళ్లి, కాలికి తూటా తగిలి తిరిగివచ్చారు. ఎందుకు వెళ్లారని అడిగితే ఆయన సరిగా చెప్పలేకపోయేవారు. పరాయి దేశాల గొడవల్లో మన సైన్యం తలదూర్చితే, పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ పెదనాన్నగారు చెప్పలేకపోవడంలో వింతేమీ లేదు, ఆయన్ను పంపినవారికే ఆ విషయంలో స్పష్టత కరవైంది. 1987 జులై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్‌గాంధీ, అప్పటి శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం మన జవాన్లు వెళ్లింది, ప్రత్యేక దేశం కోసం శ్రీలంక ప్రభుత్వంతో పోరాడుతున్న తమిళ సాయుధ వర్గాలు ఆయుధాలు అప్పగిస్తుంటే పర్యవేక్షించడానికి. అయితే ఆ ఒప్పందం మీద, ఆ వర్గాల్లో ప్రధానమైన ఎల్‌టీటీఈ (తమిళ పులులు) సంతకమే లేదు. అక్టోబరు వచ్చేసరికి, ఏ తమిళులకు అండగా వెళ్లామని చెప్పుకొన్నామో వారి జాఫ్నాలోనే యుద్ధానికి దిగవలసి వచ్చింది.

ఆ నెల 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో హెలికాప్టర్ల నుంచి సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది దిగారు. కాల్పుల ధాటికి, వారి వెనుక రావలసిన బలగాన్ని దించడం సాధ్యం కాలేదు. తూటాలు అయిపోయేదాకా పోరాడి 29 మంది నేలకొరిగారు. ఒక్కరు బందీగా చిక్కారు. 1990 మార్చి 24న చివరి దళం వెనుదిరిగే నాటికి మనం పోగొట్టుకున్న సైనికులు దాదాపు 1,200 మంది. పొమ్మన్నది జయవర్ధనే తర్వాత వచ్చిన శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస; మద్రాసు రేవులో దిగినప్పుడు స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లనేలేదు. మరుసటి ఏడాది శ్రీపెరుంబుదూరులో ఎల్‌టీటీఈ రాజీవ్‌గాంధీని హత్య చేసిన సంగతి తెలిసిందే. ఇంత చెల్లించాక మిగిలింది శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ, దానితో వచ్చిన ప్రాంతీయ మండళ్లు. వాటికి భూమి, పోలీసు అధికారాలు నేటికీ పూర్తిగా దక్కలేదు. అందువల్ల ఈ ఒక్క సందర్భంలో మీ ప్రశ్నకు నా జవాబు, లేదనే.

అలాగని ప్రతి జోక్యమూ దండగ అనలేను. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చిపడ్డారు. ఆ భారం సామాన్యుడి జేబుదాకా పాకింది. ఆ నవంబరు నుంచి ఉత్తరం వేయాలంటే మామూలు స్టాంపు పక్కన 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు కూడా అంటించవలసి వచ్చేది. యుద్ధం చేయకున్నా ఖర్చు తప్పని పరిస్థితి అది. శరణార్థులు తమ ఊళ్లకు తిరిగి వెళ్లగలగాలన్న లక్ష్యం జవానుకూ తెలుసు, ఉత్తరం రాసేవాడికీ తెలుసు. పైగా అక్కడి జనం మనవైపు ఉన్నారు. డిసెంబరు 16న ఢాకా లొంగిపోయిన మూడు నెలల్లోపే మన సైన్యం అక్కడినుంచి వచ్చేసింది. శ్రీలంకలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇక బడ్జెట్ మాట. 2025-26లో రక్షణ శాఖకు కేటాయించిన 6.81 లక్షల కోట్ల రూపాయల్లో దాదాపు 1.60 లక్షల కోట్లు పింఛన్లకే పోతాయి. మిగతా దానిలో సింహభాగం చైనా, పాకిస్తాన్ సరిహద్దులను దృష్టిలో పెట్టుకొని చేసే ఖర్చే కాబట్టి, దాన్నీ పరాయి గడ్డకు సైన్యాన్ని పంపడాన్నీ ఒకే తక్కెడలో తూచకూడదు. అయితే పింఛను పద్దును మాత్రం కాస్త ఆగి చూడండి: యుద్ధం ఖర్చు యుద్ధం జరిగిన ఏడాది లెక్కల్లో ముగిసిపోదు. మీ పెదనాన్నగారి కాలి గాయం ఖరీదు 1987 బడ్జెట్‌లో ఎక్కడా కనిపించదు.

మీకు దగ్గరలోనే, విశాఖ బీచ్ రోడ్డులో, 1971 నౌకాదళ విజయానికి స్మారకం ఉంది. శ్రీలంకలో మరణించిన మన జవాన్ల పేర్లు చెక్కిన స్మారకం కొలంబో శివార్లలో 2008లో వెలిసింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమయ్యేసరికి 2019 వచ్చింది.