కారు బ్యాటరీ నుంచి వెయ్యి వాట్ల ఇన్వర్టరుకు వైరు లాగేటప్పుడు ఫ్యూజు ఎక్కడ ఉండాలి?

రొయ్యల పట్టుబడి రాత్రుల్లో లైట్లకు, కాటాకు కరెంటు కోసం కారు డిక్కీలో వెయ్యి వాట్ల ఇన్వర్టరు పెట్టించాలనుకుంటున్నారని, ఇన్వర్టరులోనే ఫ్యూజులు ఉన్నాయి కనుక బ్యాటరీ దగ్గర మరొకటి అక్కర్లేదని కావలిలో మెకానిక్ చెప్పారని రాశారు. ఆ మాటకు ఒప్పుకోకండి. ఇన్వర్టరులోని ఫ్యూజులు ఇన్వర్టరును కాపాడతాయి. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వెళ్లే అయిదు మీటర్ల వైరును కాపాడేది, ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపు బిగించిన ఫ్యూజు మాత్రమే. దారిలో ఎక్కడైనా వైరు తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదులుతుంది. ఆ కరెంటు ఇన్వర్టరు దాకా పోనే పోదు కాబట్టి అక్కడి ఫ్యూజులు కాలవు, వైరే కాలుతుంది.

మా చెరువులు కొత్తపట్నం వైపు ఉన్నాయి, ఇదే అవసరానికి ఇంతే సామర్థ్యం గల ఇన్వర్టరును వాడుతున్నాము. ఇన్వర్టరులో జరిగే నష్టం కలుపుకొని, వెయ్యి వాట్లకు 12 వోల్టుల వైపు దాదాపు 95 ఆంపియర్లు కావాలి. ఇంటి వైరింగుకు తెచ్చే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును అయిదు మీటర్లు లాగితే, ఆ ఒక్క వైరులోనే 1.3 వోల్టులు పోతాయి. అంటే 120 వాట్లకు పైగా వేడి మీ కార్పెట్ కింద పుడుతుంది. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి 125 ఆంపియర్ల బోల్టు ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజు విలువను వైరు ఓర్చుకునే కరెంటును బట్టి నిర్ణయించాలే తప్ప, మాటిమాటికీ పోతోందని పెద్దది వేయకూడదు. కారు స్టీరియో ఆంప్లిఫయరు కిట్లలో చవకగా వచ్చే వైరు చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం, దాని నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పోగును గీకితే లోపల తెల్లగా కనబడుతుంది.

అసలు డిక్కీ ఎందుకు? మేము ఇన్వర్టరును ముందు సీటు కింద, గాలి ఆడేటట్లు బిగించాము. 12 వోల్టుల వైరు సగానికి తగ్గింది. చెరువు గట్టు దాకా పొడిగించాల్సింది 230 వోల్టుల వైపు, అక్కడ అదే వెయ్యి వాట్లకు నాలుగున్నర ఆంపియర్లు కూడా దాటవు. ఆ ప్లగ్గులు మాత్రం తడి తగలని పెట్టెలో ఉండాలి.

నెగెటివ్ వైరు కూడా అదే మందం ఉండాలి. బాడీకి కలిపేచోట పెయింటు పూర్తిగా గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించాలి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద సెన్సారు ఉన్న కార్లలో టెర్మినల్‌కు నేరుగా కలపకుండా బాడీకే కలపడం మంచిది. ఇంజను వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) లేకుండా వైరు దూర్చనివ్వకండి, గట్ల మీది గతుకులకు తొడుగు త్వరగా తెగుతుంది. జాయింట్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే మే నెల ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. వైరు చివర లగ్గును (బోల్టుకు బిగించే లోహపు కొసను) క్రింపింగ్ చేయించి, అంటే గట్టిగా నొక్కించి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగించండి. సముద్రపు గాలికి మా టెర్మినల్స్ పచ్చబారుతూనే ఉంటాయి కాబట్టి వాటికి పెట్రోలియం జెల్లీ రాస్తూ, ప్రతి పంటకు ముందు బోల్టులు బిగిస్తున్నాము.

ఇంకొక మాట. నాలుగు 50 వాట్ల ఎల్‌ఈడీ లైట్లూ, కాటా కలిసినా మూడు వందల వాట్లు దాటవు. మీకు వేరే మోటారు ఏదీ లేకపోతే 500 వాట్ల ఇన్వర్టరుతో ఖర్చూ వైరూ రెండూ తగ్గుతాయి. ఏది పెట్టినా ఇంజను నడుస్తుండగానే వాడండి, బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరిగే ఐడిల్‌లో ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) పూర్తి కరెంటు ఇవ్వదని గుర్తుంచుకోండి. మొదటిసారి పూర్తి లోడు మీద పది నిమిషాలు నడిపాక అన్నీ ఆపి, ప్రతి లగ్గునూ ఫ్యూజు హోల్డరునూ చేత్తో తాకి చూడండి. వైరు కంటే లగ్గు ఎక్కువ వేడిగా ఉంటే ఆ జాయింటు మళ్లీ చేయించాలి.