మార్కులు పెరిగాయని చెప్పే విద్యా పరిశోధనను ఎప్పుడు నమ్మవచ్చు?

పోల్చిన రెండు వర్గాల పిల్లలూ మొదట్లో ఒకే స్థాయిలో ఉన్నారని తేలినప్పుడే అటువంటి పరిశోధనను నమ్మవచ్చు. అలా లేకపోతే, కనిపించిన తేడాలో బడి వాటా ఎంతో, తల్లిదండ్రుల చదువు, ఇంటి ఆదాయం, ట్యూషన్ల వాటా ఎంతో విడదీయలేము.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన వోచర్ల (బడి ఫీజు కట్టేందుకు ఇచ్చే పత్రాల) అధ్యయనం దీనికి చక్కని ఉదాహరణ. ఊరికే పోల్చి చూస్తే ప్రైవేటు బడి పిల్లలే మార్కుల్లో చాలా ముందున్నారు. అయితే 180 గ్రామాల్లో జరిగిన ఈ అధ్యయనంలో, దరఖాస్తు చేసుకున్న కుటుంబాలలో కొందరికి లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజుకు వోచర్లు ఇచ్చి, నాలుగేళ్ల తరువాత పరీక్షిస్తే, వోచరు దక్కినవారికీ దక్కనివారికీ తెలుగు, గణితాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. లాటరీ తీయడం వల్ల ఈ రెండు వర్గాలూ మొదట్లో దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి కాబట్టి ఈ పోలికను నమ్మవచ్చు. హిందీలో మాత్రం వోచరు పిల్లలు స్పష్టంగా ముందున్నారు. కారణం టైమ్‌టేబుల్‌లో ఉంది: ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం ఇచ్చి, హిందీకి ఎక్కువ పీరియడ్లు కేటాయించాయి. ఏ సబ్జెక్టులలో పరీక్ష పెట్టారో చూడకుండా ఫలితాన్ని చదవకూడదనడానికి ఇంతకన్నా బలమైన రుజువు అక్కరలేదు.

వేలమంది పిల్లలను పరిశీలిస్తే చాలు, ఫలితం నమ్మదగినదేనని చాలామంది పొరబడతారు. సంఖ్య పెరిగితే లెక్క కచ్చితమవుతుందే తప్ప, పిల్లల ఎంపికలోని పక్షపాతం తొలగదు. అలాగే ‘తేడా లేదు’ అన్నంత మాత్రాన ప్రైవేటు బడులు పనికిరావని అర్థం కాదు. ఒక్కో విద్యార్థిపై అవి పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువే.